ఇంటర్నెట్టు నామములందలి చమత్కారము

తిరుపతి గాంధీరోడ్డునందు గాని చిత్తూరు బజారువీధియందు గాని నడచిపోవుచు అంగళ్ల పలకలను చూచినచో, యజమాని పేరునకు క్రిందుగా ఆంగ్లాక్షరములలో మఱియొక పేరు వ్రాయబడియుండుట కాననగును. ఆ పేరులో మాటకును మాటకును నడుమ ఎడము లేదు. ఒకటి రెండు చుక్కలు మాత్రము గలవు. దీనినే డొమైను నామ మందురు. మన విద్యార్థులు ఇట్టి పేళ్లను దినమునకు పదిమారులు సెల్‌ఫోనునందు తాకుచున్నారు గాని, ఆ చుక్క ఎందులకున్నది, దాని కుడిప్రక్కనున్న రెండు మూడక్షరములు ఎవరివి అని అడిగినచో జవాబు చెప్పగలవారు తరగతికి ఇద్దఱు ముగ్గురైన నుందురో లేదో. ఈ చిన్న చుక్కను పట్టుకొని లోకులు ఎన్ని వినోదములు కల్పించిరో, దానినే పట్టుకొని కొందఱు దుష్టులు మన యూరికి వచ్చు యాత్రికుల నెట్లు మోసగించిరో చదువరులకు తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తించునది అంకెలచేతనే. అంకెల బారు మనుష్యునకు జ్ఞాపకముండదు గనుక పేళ్లు కావలసివచ్చెను. మొదటి కాలమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థవారు యంత్రముల పేళ్లన్నిటిని ఒకే జాబితాలో వ్రాసియుంచి అందఱికిని పంచుచుండిరి. యంత్రములు పెరుగగా జాబితాతో పని జరుగలేదు. అంతట 1983లో పాల్ మోకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు నేడు మనము వాడుకొనుచున్న పద్ధతిని కల్పించెను. ఆ పద్ధతి మన ఉత్తరము మీది పైవిలాసమును పోలినది. పైవిలాసములో మనము ముందు మనిషి పేరు, పిమ్మట వీధి, ఊరు, జిల్లా, కట్టకడపట దేశము వ్రాయుదుము. దూరదేశపు తపాలావాడు మాత్రము కడపటి పంక్తినే ముందు చదువును. చిత్తూరు జిల్లా యధికారుల వెబ్‌సైటు పేరు చిత్తూరు డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. యంత్రము దీనిని కుడినుండి యెడమకు చదువును: ఇన్ అనగా ఇండియా, గవ్ అనగా ప్రభుత్వము, ఏపీ అనగా ఆంధ్రప్రదేశము, అటుపిమ్మటనే చిత్తూరు. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా వేరుపడగా దానికిని ఇదే వరుసలో వేఱొక గుమ్మ మేర్పడినది. ప్రతి చుక్కయు ఒక గోడ యని, చుక్కకు కుడివైపున్నవాడే యెడమవైపువానికి స్థల మిచ్చిన భూస్వామి యని తెలిసికొన్నచో ఈ శాస్త్రములో ముప్పాతిక తెలిసినట్లే.

మిగిలిన నియమములు కొద్దిపాటివి. ఆంగ్లభాషలోని ఇరువదియాఱు అక్షరములు, పది అంకెలు, మాటల నడుమ వ్రాయు చిన్న యడ్డగీత: ఇవి తప్ప మఱేమియు పనికిరాదు. పెద్దబడి చిన్నబడి యక్షరముల భేదము లేదు. రెండు చుక్కల నడుమ అక్షరములు 63కు మించరాదు. మాటల నడుమ ఎడము అసలే కూడదు. ఈ కడపటి నియమమునుండియే సగము హాస్యము పుట్టినది; తక్కిన సగము దేశముల కేర్పడిన రెండక్షరముల గుర్తులనుండి పుట్టినది. రెండవదానినే ముందు చెప్పెదము.

ప్రతి దేశమునకును రెండక్షరముల గుర్తు గలదు. ఆ గుర్తే యితరభాషలలో నొక మాటయో మాట ముక్కయో యగుట యాదృచ్ఛికము. ఆ యాదృచ్ఛికమే కొన్ని చిన్న దీవులకు భాగ్యమైనది. పసిఫిక్ సముద్రములోని తువాలు దీవుల జనసంఖ్య పదునొకండువేల ప్రాంతము. దానికి వచ్చిన గుర్తు టీ, వీ. టెలివిజను కంపెనీలన్నియు ఆ రెండక్షరములకొఱకు ఎగబడినవి. 2000 సంవత్సరములో ఆ దేశము ఐక్యరాజ్యసమితిలో చేరుటకు వలసిన వ్యయము ఆ సొమ్మువలననే సమకూడెను. కరీబియను సముద్రములోని అంగ్విల్లా దీవి గుర్తు ఏ, ఐ. కృత్రిమమేధకును ఆంగ్లములో అవే పొడి యక్షరములు గనుక, 2023లో ఆ దీవి ప్రభుత్వాదాయమునందు అయిదవ వంతునకు మించి యీ రెండక్షరముల యద్దెవలననే వచ్చినది. యూట్యూబు వారి పొట్టి పేరులో చుక్కకు కుడివైపు మిగిలిన బీ, ఈ అను నక్షరములు బెల్జియము దేశమువి. 2003లో ఒక అమెరికా యువకుడు డెలిషస్, అనగా రుచికరము, అను మాటను మూడు తునకలుగా విఱిచి, కడపటి యూ, ఎస్ అను రెంటిని అమెరికా గుర్తుగా నిలిపి ఒక వెబ్‌సైటు నడపెను. ఈ విద్యకు అది ప్రసిద్ధమైన ఉదాహరణము. అయితే అద్దెయిల్లు ఎప్పటికిని అద్దెయిల్లే. లిబియా గుర్తైన ఎల్, వై తో ముగియు నొక పొట్టి పేరును, అందలి విషయము తమ ధర్మశాసనమునకు విరుద్ధమని చెప్పి, ఆ దేశమువారు 2010లో తీసివైచిరి.

ఇంగ్లీషువారికి స్వీడనువారికి సాధ్యమైన యీ యాట తెలుగువారి కింకను ఎక్కువగా సాధ్యమని మా యభిప్రాయము. ఏలయన, మన భాషలో పని చేయునదంతయు మాట చివరనే యున్నది. చిన్ననాడు పలుకపట్టి వల్లించిన విభక్తులను చదువరు లొక్కమారు తలచుకొందురు గాక. ప్రథమా విభక్తికి డు, ము, వు, లు. వీనిలో ఎం, యూ అను గుర్తు మారిషసు దేశమునది. వీ, యూ అనునది వనువాతు దీవులది. ఎల్, యూ అనునది ఐరోపాలోని లక్సెంబర్గుది. డీ, యూ మాత్రము ఏ దేశమునకును ఇయ్యబడలేదు. కావున పుస్తకము, పలకము, వృక్షము అనువానికి మారిషసులో చోటున్నది. గురువు, చెరువు, తరువు అనునవి వనువాతునకు పోవచ్చును. బాలురు గాక బాలికలు, పలకలు, పూవులు మొదలైన బహువచనములన్నియు లక్సెంబర్గులో కాపురముండవచ్చును. రాముడును కృష్ణుడును మాత్రము గుమ్మము బయట నిలువవలసినదే.

ఇంతటితో ఆగలేదు. ద్వితీయకు వచ్చు నిన్, నున్ అను వానిలో ద్రుతమును విడిచినచో ఎన్, ఐ నికరాగువా దేశమునకును, ఎన్, యూ నియూ దీవికిని చెందును. ఈ నియూ రెండువేలమంది యైనను లేని దీవి. స్వీడను భాషలో 'నూ' అనగా ఇప్పుడు అని యర్థమగుటచేత ఆ దేశపువారు వేలకొలది పేళ్లు దానిక్రింద పెట్టుకొనిరి. ఆ సొమ్ము తమకు దక్కలేదని దీవివారు చాలకాలము వ్యాజ్యమాడుచు వచ్చిరి. తృతీయలోని తోన్ అనుదానికి టీ, ఓ అను టోంగా దేశము దొరకును. షష్ఠిలోని కిన్ అనుదానికి కే, ఐ అను కిరిబాటి గలదు. దాని పేరును అట్లు వ్రాసి కిరిబాస్ అని పలుకుదురట. మన పిల్లలు ఇంగ్లీషు స్పెల్లింగును నిందించునపుడు ఆ దేశమును తలచుకొని ఊరడిల్లవచ్చును. సప్తమిలోని నన్ అనుదానికి నమీబియా కలదు. ఈ లెక్కన చిన్నయసూరి బాలవ్యాకరణములోని విభక్తి ప్రత్యయములలో పెక్కు పసిఫిక్ సముద్రమునుండి ఐరోపా ఖండమువరకు చెదరియున్నవని చెప్పవలయును.

వీనిలో మారిషసునకు మాత్రము మనతో నిజమైన చుట్టరికము గలదు. పందొమ్మిదవ శతాబ్దమున చెఱకుతోటల పనికై తెలుగువారనేకులు ఆ దీవికి ఓడలమీద పోయిరి. కోరంగి రేవునుబట్టి వారిని అచ్చట కోరంగివారనియు పిలుచుచుండిరి. ఇంటిలో వాడుకొను భాష చాలమందికి మారినను ఉగాది అచ్చట నేటికిని ప్రభుత్వపు సెలవుదినము. తెలుగు నామవాచకములలో కోటానుకోట్లకు తుదిని నిలుచు 'ము' అను వర్ణకము ప్రపంచదేశములలో వారున్న దేశమునకే దక్కుట మాకు చాల ముచ్చటగా తోచినది.

మన జిల్లాలలోని యూళ్లు కూడ ఈ యాటకు బాగుగ పనికివచ్చును. ఆర్, యూ అనునది రష్యా గుర్తు. ఊరు అను మాటతో ముగియు చిత్తూరు, పుత్తూరు, పుంగనూరు, ఇంకను పలమనేరు, పీలేరు, ఇవన్నియు ఆ మంచుదేశమునకు చెల్లును. ఏ, ఎం అను అర్మీనియా గుర్తు కుప్పమునకును నారాయణవనమునకును కుదురును, ముకారమును విడిచి జనులు పలుకునట్లు వ్రాసినచో. ఎల్, ఏ అను లావోసు దేశము తిరుమలకు సరిపడును. తిరుపతికిని శ్రీకాళహస్తికిని మాత్రము నిరాశయే. టీ, ఐ అను గుర్తు ఏ దేశమునకును లేదు.

ఇవి మేము కాగితముమీద వేసిన లెక్కలు మాత్రమే. విద్యార్థులు పలకమీద ఇట్టివి ఎన్నియైన వ్రాసికొని యాడుకొనవచ్చును గాని, ఫోనులో కొట్టి చూడవలదు. కన్నునకు చిత్తూరని తోచిన పేరు యంత్రమునకు చిత్తూరు కాదు. అది ముందు రష్యా, పిమ్మట అచ్చట ఎవరో అద్దెకు తీసికొన్న 'చిత్తూ' అను నొక గది. ఆ గదిలో ఎవరున్నారో తలుపు తెఱచువఱకు తెలియదు.

ఇక ఎడము లేకపోవుటవలన గలుగు హాస్యము. ఆంగ్లాక్షరములలో మన దీర్ఘములు నిలువవు. తకారమునకును టకారమునకును, నకారమునకును ణకారమునకును భేదము కనబడదు. పాత పాటలు అని యొకడు ముచ్చటపడి పేరు పెట్టినచో దానిని పటపటలు అని చదివి, పండ్లు కొఱుకు చప్పుడేమో యని యితరులు అనుకొనవచ్చును. మొక్కలమ్మువాడొకడు తన తోటకు వనరాణి యని పేరుపెట్టె ననుకొందము. అవే యక్షరములను 'వాన రాని' యని చదువుటకు అభ్యంతర మేమియు లేదు; మన రాయలసీమలో పదిమందిలో ఎనమండుగురు అట్లే చదువుదురని మా యనుమానము. పూర్వము సంధి విడదీయుట తెలియక పద్యమునకు తలక్రిందులైన అర్థము చెప్పిన శిష్యుల కథలు మన మెఱుగుదుము. ఈ పేళ్లు ఆ శిష్యులను మరల పుట్టించినవి.

అక్షరసామ్యమును తెలిసి వాడుకొన్నవారును గలరు. ఆంగ్లములో ఎలక్ట్రానిక్ అను మాటకు పొడియక్షరము ఈ. మనకు 'ఈ' అనగా చేరువనున్న వస్తువును చూపు పదము. అమెరికాలోని తెలుగువారు 1998లో ఇంటర్నెట్టులో నొక సాహిత్యపత్రికను స్థాపించి దానికి ఈమాట అని పేరిడిరి. ఒక్క అక్షరమున రెండర్థములు. శ్లేష యనగా నిదియే. అట్లే 2001లో హైదరాబాదున ప్రభుత్వమువారు బిల్లులు కట్టుట మొదలైన పనులకై తెఱచిన కేంద్రములకు ఈసేవ అని పేరుంచిరి. పదియేండ్లకు, 2011 నవంబరులో, సర్టిఫికెట్లు మొదలైనవి ఇచ్చు క్రొత్త యేర్పాటును ప్రారంభించునపుడు ఈకారమునకు ముందు మకారము చేర్చి మీసేవ యనిరి. ఆ ప్రారంభము జరిగినది మన తిరుపతియందే. ఈ సేవ మీ సేవ యగుటకు ఒక్క హల్లు చాలినది. ప్రభుత్వపు పేళ్లలో ఇంత పొందికైనది అరుదు.

ఈ వినోదమునకు మఱియొక ముఖము గలదు. తిరుమల తిరుపతి దేవస్థానములవారు దర్శనపు టిక్కెట్లను, వసతిగదులను ఇంటర్నెట్టు మూలమున ఇచ్చుట చదువరు లెఱిగినదే. 2023లో వారి అసలు వెబ్‌సైటు పేరు తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని యుండెను. ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలో వారొక నకిలీ వెబ్‌సైటును కనిపెట్టి పోలీసులకు ఫిర్యాదు చేసిరి. దాని పేరు తిరుపతిబాలాజీ, అడ్డగీత, ఏపీ, అడ్డగీత, గవ్, ఆ పిమ్మట డాట్ ఆర్గ్. అంతకుముందే 40 నకిలీ సైట్లమీద కేసు పెట్టబడియుండగా ఇది 41వది యైనది.

ఈ రెండు పేళ్లను మెల్లగా పోల్చి చూడుడు. త్వరలో చదువువాని కంటికి రెండును ఒక్కటియే. మాటలు అవే, వరుస అదే. కాని మొదటిదానిలో ఏపీకి ముందు చుక్క, గవ్‌కు ముందు చుక్క యున్నవి. గవ్ డాట్ ఇన్ అను ఆవరణములో భారతదేశ ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు స్థలము దొరకదు. రెండవదానిలో చుక్కలకు బదులు అడ్డగీతలున్నవి. అడ్డగీత గోడ కాదు, అక్షరములలో నొక అక్షరము వంటిది. అందుచేత తిరుపతిబాలాజీ మొదలుకొని గవ్ వఱకు గలదంతయు ఒకే యొక పొడవైన పేరు. డాట్ ఆర్గ్ అను పేటలో కొద్ది సొమ్మిచ్చి ఎవరైనను అట్టి పేరును పుచ్చుకొనవచ్చును. 'చిత్తూ' అను గదికి రష్యా తగిలించి చిత్తూరని నవ్వుకొన్న యుక్తియు, ఈ మోసపు యుక్తియు ఒక్కటియే. రెండును మన కన్ను మాటను చదువునే గాని చుక్కను చదువదను నమ్మకముమీద నిలిచినవి.

నష్టపడువా రెవరు? దూరపు పల్లెనుండి ఏండ్లతరబడి మ్రొక్కుకొని, ఇంటిల్లిపాదికి మూడువందల రూపాయల టిక్కెట్లు కొన్నామని నమ్మి, రైలు చార్జీలు పెట్టుకొని వచ్చువారు. టిక్కెట్టు చెల్లదని తెలియునది వరుసలో నిలిచిన పిమ్మటనే. సొమ్ము పోవుట యొక దుఃఖము. పిల్లలతో ముసలివారితో అంతదూరము వచ్చి వెనుకకు మరలుట మఱియొక దుఃఖము. మా చదువరులలో తల్లిదండ్రులైనవారి కొక్కమాట: అనేక గృహములలో ఈ టిక్కెట్లు తీయుపని బడికి పోవు పిల్లవానిదే. 'నీకు ఇంగ్లీషు వచ్చును గదా, చూడుము నాయనా' యని పెద్దలు ఫోను చేతికిత్తురు. ఆ పిల్లవాడు బొమ్మను చూచి, గోపురపు రంగును చూచి, సరియే యనును. బొమ్మను ఎవరైన దొంగిలించి అతికింపవచ్చును. కుడికొసనున్న చుక్కలను మాత్రము దొంగిలించుట సాధ్యము కాదు. కావున ఆ పిల్లవాడు చూడవలసిన చోటు పేరులో మొదటి ఏటవాలుగీతకు ముందున్న కడపటి భాగము. కొందఱు మోసగాండ్రు అసలు పేరునంతటిని చుక్కలతో సహా ముందు వ్రాసి, దాని పిమ్మట తమ పేరును తగిలింతురు. అదియు కుడినుండి చదివినవానిని మోసపుచ్చజాలదు. భూస్వామి యెవరో మొదటి చూపులోనే తెలియును గదా.

మఱియొక చిక్కు మన యలవాటువలన వచ్చినది. దక్షిణమున మనము తకారమునకు టీ, హెచ్ వ్రాయుదుము; ఉత్తరదేశమువారు ఉత్త టీ వ్రాయుదురు. కావున తిరుపతి యను మాటకు రెండు రూపములు నిత్యము కనబడుచున్నవి. ఒక రూపము అసలువానిదైనపుడు రెండవ రూపము ఖాళీగా నుండి, ఎవరైన వచ్చి చేరవచ్చును. ఊరి పేరును ఒక్క విధముగా వ్రాయవలయునని ఉపాధ్యాయులు పట్టుపట్టుట ఊరక చేయు చాదస్తమని విద్యార్థులు తలపరాదు.

2024 జనవరిలో దేవస్థానములవారు తమ వెబ్‌సైటు పేరును మార్చిరి. బాలాజీ యను పేరు ఉత్తరదేశపు యాత్రికుల వాడుక. క్రొత్త పేరు టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. దీనిలో నొక సొగసు గలదు. సంస్థకు లోకమున వ్యవహరించు పొడి పేరు టీ, టీ, డీ. ఆ మూడవ యక్షరమైన డీ తో పొడి పేరు ముగియవలసియుండగా, అదే డీ తో దేవస్థానములు అను నిండు మాట ప్రారంభమైనది. ఒక్క యక్షరము ఎడమవానికి చివరయు కుడివానికి మొదలును అయినది. ఏకాదేశసంధి యను పేరు దీనికి చెల్లునేమో పండితులు నిర్ణయింతురు గాక; మాకు మాత్రము ప్రభుత్వపు చిరునామాలలో ఇంత చక్కని కూర్పు మఱియొకటి కనబడలేదు.

ఇంత తంటాలు పడుట యెందుకు, తెలుగులోనే పేళ్లు పెట్టుకొనరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. పెట్టుకొనవచ్చును. ఇన్ అను ఆంగ్లపు కొసకు బదులు తెలుగక్షరములలో భారత్ అను కొస 2011లోనే మన దేశమున కీయబడినది. అయితే లోపలి యంత్రమునకు నేటికిని ఆంగ్లాక్షరములే తెలియును గనుక ప్రతి తెలుగు పేరును ఒక సంకేతముగా మార్చి దాచియుంచుదురు. తెలుగులో వ్రాసిన భారత్ అను మాట యంత్రము నోట ఎక్స్, ఎన్, రెండడ్డగీతలు, ఎఫ్, పీ, సీ, ఆర్, జే, 9, సీ, 3, డీ అని పలుకును. దేశమాత పేరున కిట్టి గతి పట్టెనే యని నవ్వు వచ్చును గాని, తెఱమీద కనబడునది తెలుగే గనుక బాధ లేదు.

తెలుగు లిపికి మఱియొక కాపలా కావలసివచ్చినది. ఠ, ల, బ, జ మొదలగు మన యక్షరములు కన్నడాక్షరములతో ఇంచుమించు కవలపిల్లలు. ఒకే రూపముగల పేరును ఒకడు తెలుగులోను మఱియొకడు కన్నడములోను పుచ్చుకొన్నచో అడ్డగీతల మోసముకంటె అది ఘోరమగును. ఎంత జాగ్రత్తగ చదివినను తేడా కంటికి కనబడదు. అందుచేత చుక్కకు కుడికొసన నిలువదగిన క్రొత్త పేళ్ల విషయమై భారతదేశపు లిపిపండితులు కూడి, ఇట్టి జోడక్షరములను ఒక్కటిగనే యెంచవలయుననియు, ఒక లిపిలో ఒకరి కిచ్చిన రూపమును రెండవ లిపిలో మఱియొకరి కియ్యరాదనియు నియమ మేర్పరచిరి. కుప్పము పొలిమేరలో రెండు లిపుల బస్సుపలకలను ప్రక్కప్రక్కన చూచినవారికి ఈ నియమము యొక్క అవసరమును వేఱుగ చెప్పనక్కఱలేదు.